ఇరవై పెట్టెల ప్రబంధం

శ్రీరస్తు. నిర్విఘ్నమస్తు. హోమ్ సిగ్నల్ పచ్చగా వెలుగుగాక.

కావ్యారంభంలో విఘ్ననాయకుణ్ణి తలచుకోవాలన్నారు పెద్దలు. రైలు కావ్యానికి ఆ నియమం రెండింతలు వర్తిస్తుంది. పట్టాల మీద తీరిగ్గా నెమరువేసే గేదెకు, పడనని భీష్మించుకున్న లెవెల్ క్రాసింగ్ గేటుకు, బావమరిది టిఫిన్ పొట్లం తెచ్చేదాకా చైను లాగి పట్టుకున్న బావగారికి తలా ఒక నమస్కారం. పిమ్మట టైంటేబుల్ అనే వేదానికి, ఆ వేదాన్ని నిత్యం పారాయణ చేస్తూనే అప్పుడప్పుడూ స్వరం తప్పే అధికారులకు మరొక నమస్కారం.

ఇక కుకవి నింద. "రైలంటే రైలే కదండీ, ఎక్కడం దిగడం తప్ప అందులో ఏముంది?" అని అడిగే ధన్యజీవులు ఈ పుట తిప్పేసి రాశిఫలాలు చూసుకోవచ్చు. వారిమీద మాకు కోపం లేదు, జాలి మాత్రమే.

ఇతివృత్తం ఇది. 2025 జనవరి 11న విశాఖపట్నం–సికింద్రాబాద్ వందేభారత్‌కు నాలుగు పెట్టెలు అదనంగా తగిలించారు. పదహారు ఇరవై అయ్యాయి. సీట్లు 1128 నుంచి 1440కి పెరిగాయి. కథ ఇంతే. సంక్రాంతి ముంగిట కోడిపందేల వార్తలకూ బస్సు ఛార్జీల వార్తలకూ నడుమ, పేపరు మడత విప్పకుండానే దాటిపోయే నాలుగు లైన్ల వార్త. కానీ ప్రబంధానికి కావలసింది పెద్ద కథ కాదు, పెద్ద వర్ణన. పద్దెనిమిది వర్ణనలుంటే చాలు, కథ ఎంత సన్నగా ఉన్నా ఎవరూ అడగరని మన లాక్షణికులు ఎప్పుడో అభయమిచ్చారు. పురం, సముద్రం, సూర్యోదయం, విరహం, జూదం, ప్రయాణం, యుద్ధం, నాయకాభ్యుదయం, అన్నీ ఈ నాలుగు లైన్లలో ఉన్నాయి. జలక్రీడ ఒక్కటి లేదేమోననుకున్నాను గానీ, కదిలే బండిలో వాష్‌బేసిన్ దగ్గర చొక్కా తడుపుకున్నవారు అదీ ఉందంటున్నారు. జూదానికి వెయిటింగ్ లిస్టు ఉంది. మధుపానానికి ప్లాట్‌ఫాం టీ ఉంది, మత్తు మాత్రం పొరుగువాడి సీటు మీదికి జారి నిద్రపోవడం వల్ల కలుగుతుంది.

మొదట నాయకుడి పుట్టుక. 2023 సంక్రాంతి నాడు, జనవరి 15న, సికింద్రాబాద్ స్టేషన్లో ఇతడు జనం కళ్లబడ్డాడు. దేశంలో ఎనిమిదో వందేభారత్. ఎనిమిదోది అనగానే భాగవతం చదివిన ఇంట్లో ముసలమ్మకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. దేవకీదేవి ఎనిమిదో గర్భానికి పురిటి వాసన పోకముందే పూతన, శకటాసురుడు ఎదురుపడ్డట్టు మనవాడికీ గండం తప్పలేదు. పట్టాభిషేకానికి నాలుగు రోజుల ముందు, ఇంకా మెయింటెనెన్స్ కోసం విశాఖలో తిరుగుతుండగానే, కంచరపాలెం దగ్గర ఎవరో రాయి విసిరారు. పుష్పవృష్టి కురవాల్సిన చోట శిలావృష్టి కురిసింది. అద్దం పగిలింది. ఆ తేదీ జనవరి 11. సరిగ్గా రెండేళ్లకు అదే తేదీన ఇరవై పెట్టెల వైభవం దక్కిందంటే, కాకతాళీయమనేవారు అనుకోవచ్చు, కావ్యం మాత్రం అలా అనుకోదు.

వీరి వంశంలో గండాలు మామూలే. అంతకు మూడు నెలల ముందు, 2022 అక్టోబరులో, గుజరాత్‌లో ఉన్న అన్నగారు గేదెల మందకు ఎదురుపోయి ముక్కు పోగొట్టుకున్నాడు. దేశమంతా ఆ ముక్కులేని మొహం ఫొటో చూసి నవ్వింది. పశువులు చచ్చిపోయినందుకు బాధపడినవారు తక్కువ. అయితే ఆ ముక్కు అలా ఊడిపోవడానికే చేసినది, దెబ్బ తాను తిని వెనకవాళ్లను కాస్తుంది. తెల్లారేసరికి కొత్తది బిగించి పంపారు. శూర్పణఖకు ఈ సౌకర్యం ఉండి ఉంటే రామాయణం అరణ్యకాండలోనే ఆగిపోయేది.

ఇప్పుడు రసికజన వర్ణన. నలుగురూ రైలెక్కడానికి స్టేషనుకు వెళ్తారు. రైల్‌ఫ్యాన్లు ఎక్కకుండా ఉండటానికి వెళ్తారు. ప్లాట్‌ఫాం వాలిపోయి కంకరలో కలిసే చోట, పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో కనబడే చోట, ఫోను అడ్డంగా పట్టుకుని నిలబడతారు. వీరిలో ఇంటర్ చదివే కుర్రాళ్లున్నారు, రిటైరైన లెక్కల మాస్టార్లున్నారు, పెళ్లిచూపులకు వెళ్తూ మధ్యలో లోకో నంబరు రాసుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లున్నారు. చకోరం వెన్నెల తాగి బతుకుతుందంటారు, వీరు క్రాసింగు వీడియోలు చూసి బతుకుతారు. ఎదురుగా వచ్చిన బండి కూత వేస్తే ఆ పూటకు భోజనం అయినట్టే. డ్రైవరు చెయ్యి కూడా ఊపితే అది పండగ.

నాలుగు పెట్టెల వార్త ఇలాంటి లోకంలో పడింది. ఎండిన గడ్డిమేటులో నిప్పురవ్వ పడ్డట్టు అని రాయాల్సిన ఘట్టమే, గడ్డిమేట్ల ఉపమ అరిగిపోయింది గనక వదిలేస్తున్నాను. సూటిగా యుద్ధకాండలోకి పోదాం.

ముందుగా శంఖం పూరించినవారు లోకోవాదులు. వీరి సిద్ధాంతం ఒకటే: ఇంజను లేని బండి బండి కాదు. వందేభారత్‌కు ముందు తగిలించే ఇంజనుండదు, సగం పెట్టెల కింద మోటార్లు దాక్కుని ఉంటాయి. లోకోవాదికి ఇది దొంగయుద్ధం. చెట్టు చాటునుంచి వాలిని కొట్టినట్టు. వీరి ఇష్టదైవం లాలాగూడ షెడ్డు నుంచి వెడలివచ్చే వాప్-7. షట్సహస్రత్రిశతపంచాశదశ్వబలసంపన్నుడు, అనగా 6350 గుర్రాల బలం గలవాడు. ఒక అక్షౌహిణిలో గుర్రాలు 65,610 అని మహాభారతం లెక్క. అంటే పదకొండు వాప్-7లను లాలాగూడలో వరసగా నిలబెడితే అక్షౌహిణి దాటిపోతుంది. కౌరవులకు పదకొండు అక్షౌహిణులు ఉన్నాయని గొప్ప. లాలాగూడ షెడ్డును చూస్తే దుర్యోధనుడు సంధికి ఒప్పుకునేవాడని ఒక లోకోవాది నాతో ప్రమాణం చేసి చెప్పాడు.

వారికి ఎదురుగా నిలిచినవారు రేకువాదులు, అంటే పెట్టెల వరస మొత్తమే దైవమనేవారు. ఇరవై పెట్టెలూ ఒకే రంగులో, ఒకే ఎత్తులో, అతుకు కనబడకుండా పాములా సాగిపోతుంటే అందులో ముందేమిటి వెనకేమిటి అని వీరి వాదం. ఆదిశేషుడికి ఇంజను ఎక్కడుందో చెప్పండి అని ఎదురు ప్రశ్న. దానికి లోకోవాదుల దగ్గర జవాబు లేకపోయింది. కానీ ఆ జాతిలో జవాబు లేకపోవడం ఓటమి కిందికి రాదు, పాత వీడియో ఒకటి తీసి చూపిస్తారు.

ఈ రెండు సేనల నడుమ ఏ పక్షమూ కాక, కన్నీళ్లు నింపుకుని నిలబడ్డవాడు విరహి. ఇతడు ఆల్కో ప్రేమికుడు. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి దిగి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను ఇతడి ప్రేయసి. 2600 గుర్రాల బలం, పదహారు సిలిండర్లు, బండి కదిలేటప్పుడు గుండెలో తన్నే ఆ దడదడ, ఆపైన ఆకాశానికి లేచే నల్లటి పొగ. కాళిదాసు యక్షుడికి కబురు పంపుకోవడానికి ఒక మేఘమైనా దొరికింది. కరెంటు తీగ అన్ని దారుల మీదా పరుచుకున్నాక మనవాడికి ఆ మేఘమూ లేదు. నాలుగు పెట్టెలు పెరిగాయని ఎవరైనా చెబితే, కాజీపేట షెడ్డు వైపు తిరిగి ఓ నిట్టూర్పు విడుస్తాడు. ఆ పొగ పీల్చిన ఊళ్లవాళ్లెవరూ ఇలా నిట్టూర్చరన్నది నిజమే, కానీ విరహంలో ఉన్నవాడితో ఊపిరితిత్తుల మాట ఎత్తడం సభ్యత కాదు.

వర్ణభేదం సంగతి చెప్పకుండా యుద్ధవర్ణన పూర్తి కాదు. 2023 సెప్టెంబరు 24న కేరళలో కాషాయం, బూడిద రంగు కలిపిన వందేభారత్ తొలిసారి పరుగు తీసింది. అదే రోజు కాచిగూడ–యశ్వంతపూర్, విజయవాడ–చెన్నై బళ్లూ మొదలయ్యాయి. ఆ దూరాలు, ఆ వేళలు, ఆ సీట్లు ఎవరికి కావాలి? నీలివర్ణులు, కాషాయవర్ణులు అని లోకం రెండుగా చీలింది. తెల్లరంగు మీద దుమ్ము కనబడుతుందని ఒకరు, కాషాయం ఎండలో వెలుస్తుందని ఇంకొకరు. తిరునామం ఎలా దిద్దాలన్న తగవుతో తరాలు గడిపిన జాతికి ఇది పెద్ద కొత్త విద్య కాదు. రంగుల గొడవలో రాజకీయాలు తేవద్దని అందరూ అంటారు, అని ఆ రెండో వాక్యంలోనే తెస్తారు.

ఈ కోలాహలంలో నిశ్శబ్దంగా పని చేసుకుపోయేవాడు గణకుడు. పెరిగిన సీట్లు 312, పెట్టెలు నాలుగు, పెట్టెకు 78, అన్నీ చైర్‌కార్. ఎగ్జిక్యూటివ్‌లో మాత్రం పాత 104 సీట్లే. అంటే కుర్చీని గిర్రున తిప్పి కిటికీ వైపు పెట్టుకునే రాజభోగం పెరగలేదు, అది ఇదివరకటి సంఖ్యకే పరిమితం. ఈ ముక్క అతడు తప్ప ఎవరూ గమనించలేదు, అతడు చెప్పినా ఎవరూ వినలేదు. ఇంకొకడు బండెక్కి ఫోనులో వేగం చూసుకుంటూ తలుపు దగ్గరే నిలబడతాడు. అంకె 128 దగ్గర ఊగిసలాడి 130 ముట్టకుండా కిందికి జారిన క్షణాన అతడి ముఖం చూడాలి. రథచక్రం నేలలో దిగబడ్డప్పుడు కర్ణుడు అలాగే ఉండి ఉంటాడు.

ఇంతకీ ఈ బండి విషయంలో లోకోవాదీ రేకువాదీ ఒక్కటయ్యే సందర్భం ఒకటుంది. అది హాల్టు. మొదలైనప్పుడు ఈ బండికి దారిలో ఆగే చోట్లు నాలుగే: రాజమండ్రి, విజయవాడ, ఖమ్మం, వరంగల్. తరువాత సామర్లకోట చేరింది, ఆపైన ఏలూరు చేరింది. ఆగేది నిమిషం, రెండు నిమిషాలు. కానీ ఆ నిమిషం కోసం ఎన్ని వినతిపత్రాలు, ఎన్ని ఢిల్లీ ప్రయాణాలు, ఎన్ని శాలువాలు! భగీరథుడికి కూడా ఒక్క గంగే కావలసి వచ్చింది, ఎంపీగారికి పార్లమెంటు పరిధిలో ప్రతి స్టేషన్లోనూ ఒకటి కావాలి. హాల్టు వచ్చిన రోజు వైభవం చెప్పాలంటే నాకు వెయ్యి నోళ్లు చాలవు. బ్యాండు మేళం, బంతిపూల దండలు, జెండా పట్టుకోవడానికి పన్నెండు చేతులు, ఫొటోలో పడటానికి నలభై తలలు, ఈ హడావిడిలో అసలు ఎక్కాల్సిన నలుగురు ప్రయాణికులు తలుపు ఎక్కడుందో కనబడక పరుగులు.

రైల్‌ఫ్యానుకు మాత్రం అది అశౌచదినం. ఆగేది నిమిషమే అయినా, పరుగు తగ్గించుకుంటూ రావడం, మళ్లీ పరుగు అందుకోవడం కలిపితే పోయేది ఇంకా ఎక్కువని అతడు వేళ్ల మీద లెక్క చెబుతాడు. "ఊరూరా ఆగితే ఇదేం సూపర్‌ఫాస్టండీ, ప్యాసింజరు!" అని ఆక్రోశిస్తాడు. నా ఓటు ఇక్కడ ఏలూరుకే. తన ఊరు మీదుగా రోజూ దూసుకుపోయే బండిని ప్లాట్‌ఫాం మీద నిలబడి చూడటమే తప్ప ఎక్కే యోగం లేని మనిషికి, ఆ ఒక్క నిమిషం చక్రవర్తి ఇచ్చిన అగ్రహారంతో సమానం. పైగా, ఈ ఆక్రోశించే రైల్‌ఫ్యాను సొంతూరు సామర్లకోట అయితే ఈ లెక్కలన్నీ మర్చిపోతాడు.

వీరందరికీ పితామహుడి వంటి బండి ఇంకొకటి ఇదే దారిలో ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్. 1974 ఫిబ్రవరి 1న మొదలై, వాల్తేరుకు హైదరాబాదుకు నడుమ మూడు తరాల ఉద్యోగార్థులను, కొత్త పెళ్లికూతుళ్లను, ఆవకాయ జాడీలను మోసింది. 2024లో యాభై నిండితే స్టేషన్లో కేకు కోశారు. కేకు బండి తిన్నట్టు ఆధారాలు లేవు. అంతకు ముందు ఏడు ఫిబ్రవరిలో బీబీనగర్ దగ్గర పట్టాలు తప్పినా లోపలివాళ్లకు దెబ్బ తగలనీయలేదు. ఇలాంటి బండికి పాత పెట్టెలు తీసి కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వేసినప్పుడు మళ్లీ ఒక యుద్ధం జరిగింది, పాత ఐసీఎఫ్ స్లీపర్ పెట్టెకు 72 బెర్తులు, కొత్తదానికి 80. ఎనిమిది మంది అదనంగా పడుకోవచ్చన్న సంగతి పక్కనపెట్టి, బండి కదిలేటప్పుడు కొత్త పెట్టెలు ఇచ్చే కుదుపు గురించే మాట్లాడుకున్నారు. ఆ కుదుపుకు టీ ఒలికిన ప్యాంట్లను సాక్ష్యంగా ప్రవేశపెట్టారు.

నాయకాభ్యుదయం గురించి చెబుతూ పక్కింటి కథ చెప్పకపోతే పక్షపాతమవుతుంది. సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ 2023 ఏప్రిల్ 8న ఎనిమిది పెట్టెలతో బయల్దేరింది. పొట్టివాడని జనం చిన్నచూపు చూశారు. ఎవరి సన్నిధికి వెళ్తున్నాడో మరిచారు. మే 17 నాటికి పదహారు పెట్టెలై నిలిచాడు. వామనుడు త్రివిక్రముడు కావడానికి మూడడుగులు చాలాయి, ఇతడికి నెలా తొమ్మిది రోజులు పట్టింది. రైల్వేశాఖలో ఇది మెరుపువేగం కిందే లెక్క. దీనికి విపర్యయంగా నాగపూర్–సికింద్రాబాద్ బండి ఉంది. 2024 సెప్టెంబరులో ఇరవై పెట్టెల పూర్ణచంద్రుడిగా పుట్టి, ఎక్కేవాళ్లు చాలక, ఆరు నెలలు తిరగకముందే ఎనిమిది పెట్టెల నెలవంక అయ్యాడు. ప్రబంధాల్లో చంద్రోదయానికి చోటుంది, చంద్రక్షయానికి లేదు. అందుకే కాబోలు రైల్‌ఫ్యాన్లు ఆ బండి గురించి ఎక్కువ మాట్లాడరు.

మరొక ఘట్టం గురించీ వారు ఎక్కువ మాట్లాడరు. 2022 మార్చి 4. వికారాబాద్ దారిలో గుల్లగూడకూ చిట్‌గిడ్డకూ నడుమ ఒకే లైను మీద రెండు బళ్లు ఎదురెదురుగా నిలిచాయి. ఒకదానిలో రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్. ఇదిగో, అసలైన ద్వంద్వయుద్ధానికి సన్నివేశం! ఇరుపక్షాలూ ఇనుమే. కవి కలం తడుపుకున్నాడు. బండి ముందుకు సాగింది. డ్రైవరు చెయ్యి పెట్టకుండానే, పరీక్షకు పెట్టిన కవచ్ అనే యంత్రం తనంతట తాను బ్రేకు వేసి, ఎదుటి బండికి 380 మీటర్ల దూరంలో ఆపేసింది. అయిపోయింది. రక్తం లేదు, చప్పుడు లేదు, విరిగిన గద లేదు. ఏ అష్టాదశ వర్ణనలోనూ ఇమడని ఘట్టం: జరగకుండా పోయిన యుద్ధం. కవి కలం తుడుచుకున్నాడు. రంగు కోసం రాత్రింబగళ్లు పోట్లాడినవారు ఈ 380 మీటర్ల మీద చేసిన వ్యాఖ్య, "బాగుంది, ఇంజను నంబరెంత?"

మిగిలింది లూప్ లైను. డోర్నకల్ దాటాక ఏ చిన్న స్టేషన్లోనో మన నాయకుడికి దారివ్వడానికి ప్యాసింజరు బండిని పక్కకు తీసి నిలబెడతారు. అందులో ఉన్నవారికి ఈ ప్రబంధంలో ఒక్క పద్యమూ దక్కలేదు. వాళ్లు దిగి కంకర మీద నిలబడి నడుం విరుచుకుంటారు, పల్లీలవాడు ఆ చివర నుంచి ఈ చివరకు వస్తాడు, ఒక పిల్లాడు "ఎంతసేపమ్మా" అని పదిసార్లు అడుగుతాడు. అప్పుడు వస్తుంది. ఇరవై పెట్టెలంటే దగ్గర దగ్గర అరకిలోమీటరు పొడవు. గంటకు 130 మీద పోతే కళ్లముందు నుంచి దాటడానికి పదమూడు సెకన్లు. పదహారు పెట్టెలప్పుడు పదిన్నర సెకన్లే. అంటే ఈ మహా నాయకాభ్యుదయం వల్ల లూప్ లైను వాసికి కలిగిన నికరలాభం రెండున్నర సెకన్ల అదనపు దర్శనం, కాస్త ఎక్కువ గాలి, కంట్లో కాస్త ఎక్కువ దుమ్ము. పిల్లాడు మాత్రం పెట్టెలు లెక్కపెట్టాడు. పదిహేడు అన్నాడు. పక్కనే ఫోను పట్టుకుని నిలబడ్డ రైల్‌ఫ్యాను వంగి, "ఇరవై నాన్నా, జనవరిలో నాలుగు పెంచారు" అని దిద్దాడు. వాడు ఒప్పుకోలేదు. వాదం మొదలైంది.

ఇది శ్రీమదయఃపథవిహారవినోద, వెయిటింగ్‌లిస్ట్ విధివిలసిత, పల్లీపొట్లహస్త, లూప్‌లైన్ చిరకాలవాస ప్రణీతంబైన ఇరవై పెట్టెల ప్రబంధంబునందు సర్వంబును ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసాన్ని అవుటర్లో ఆపారు.